అడ్వాన్సు పట్టేముందు

సంక్రాంతి పోయింది, ఉగాది ఇంకా రాలేదు. ఈ నడుమ రోజుల్లో మా కొత్తకోటలో రాత్రి ఎనిమిది దాటినాక ఏ ఇంటి అరుగు మీదనో ఒక పిల్లనో పిల్లగాడో ఫోన్ వెలుగులో మొహం పెట్టుకొని కూర్చుంటే, ప్రేమ కథ అని తొందరపడకండి. డిసెంబరులో పంపిన ఎమ్మెస్ అప్లికేషన్లకు జవాబు వస్తుందేమోనని చూస్తున్నారు. ఇంట్లోంచి తల్లి కేకేస్తుంది. "ఏమన్న తెలిసిందా బిడ్డా?" లోపలికి జవాబు పోతుంది. "అండర్ రివ్యూ." ఇంగ్లీషు అక్షరం ముక్క రాని తల్లులకు కూడా ఈ రెండు మాటలు ఇప్పుడు కంఠతా వచ్చు.

రాత్రిళ్లే ఎందుకంటారా? మనకు రాత్రి ఏడున్నర అయితే న్యూయార్కులో పొద్దున తొమ్మిది. టెక్సస్‌లో ఆ తొమ్మిది ఇంకో గంట ఆగి మోగుతుంది. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారాలు గంట ముందుకు జరుపుకుంటారు, అప్పటి నుంచి మన పిల్లల కాపలా కూడా గంట ముందే మొదలవుతుంది. మనం కంచాల ముందు కూర్చునే వేళకు అక్కడి ఆఫీసుల తాళాలు తీస్తారన్నమాట. కాబట్టి ఊరికే ఒక సలహా: శనివారం రాత్రీ ఆదివారం రాత్రీ ఫోను అవతల పారేసి పడుకోండి. అక్కడి గుమాస్తాలకూ ఇల్లూ పిల్లలూ ఉంటారు.

ఇక చుట్టాలు. హైవే మీద బస్సు దిగి ఇల్లు చేరేలోపు నలుగురు అడుగుతారు, "ఎన్ని అడ్మిట్లు వచ్చినయ్?" అని. అమీర్‌పేట కన్సల్టెన్సీల పుణ్యమా అని యూనివర్సిటీలను వేసే సేఫ్, మోడరేట్, యాంబిషియస్ అనే మూడు గంపలు ఊరందరికీ తెలుసు. అడ్మిట్లు లెక్కపెట్టడం పెండ్లిలో కట్నాలు చదివించినట్టే నడుస్తుంది. నన్నడిగితే అడ్మిట్ దగ్గర కథ సగమే అయింది. చదువుకు పైసలు ఎవరు పెడుతున్నారన్నది మిగతా సగం. ఆ సగం ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది, ఎందుకో చెప్తా.

అమెరికాలో ఒక డిపార్ట్‌మెంటు చేతిలో టీఏ (టీచింగ్ అసిస్టెంట్), ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) కొలువులు కొన్నే ఉంటాయి. వాటిని మొదట పీహెచ్‌డీ వాళ్లకు పంచుతారు. ఐదేళ్లు ఉండి పరిశోధన చేసేవాళ్లు గదా, విస్తరి ముందు వాళ్లకే పడుతుంది. ఆ పీహెచ్‌డీ పిల్లలు నాలుగైదు చోట్ల ఆఫర్లు చేతిలో పెట్టుకొని ఏప్రిల్ 15 దాకా నాన్చుతారు. నాన్చే హక్కు వాళ్లకుంది. అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి చేసుకున్న ఒక తీర్మానం ప్రకారం, సంతకం పెట్టిన యూనివర్సిటీలు పైసలతో కూడిన ఆఫర్ ఇస్తే ఆ తేదీకి ముందే జవాబు చెప్పమని ఒత్తిడి చేయరాదు. వాళ్లు వద్దన్న కొలువులు ఖాళీ అయితే అప్పుడు ఎమ్మెస్ వాళ్ల వంతు. అందుకే ఫిబ్రవరిలో సీటు ఉత్తరం వచ్చి, మే నెలలో టీఏ ఉత్తరం రావడం వింతేమీ కాదు. చాలా చోట్ల సీటు ఇచ్చేది ఒక కమిటీ, కొలువు ఇచ్చేది ఇంకొకరు. మార్చిలో ఉలుకూ పలుకూ లేకపోతే కాదన్నారని అర్థం కాదు. ఇంకా మీ దాకా రాలేదంతే.

సరే, వచ్చిందనుకుందాం. ఇక్కడ నేను కొంచెం వెనక్కి పోవాలి, ఏమనుకోకండి.

మా దిక్కు వలస కూలీలను పిలిచే పాలమూరు లేబర్ అనే మాట మీరు వినే ఉంటారు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా మా మనుషుల చెమట ఉందని చెప్పుకుంటాం. అందులో గర్వం సగం, కడుపుమంట సగం. గుంపు మేస్త్రీ ఊర్లోకి వచ్చి చేతిలో అడ్వాన్సు పెట్టేవాడు. పాత అప్పుకో, చెల్లె పెండ్లికో ఆ పైసలు ఆ పూటే కరిగిపోయేవి. ఆ తర్వాత లారీ ఎక్కడమే. ఎన్ని నెలలు, కూలి ఎంత, రానుపోను ఖర్చు ఎవరిది, జ్వరమొస్తే ఆ రోజు కూలి కోస్తారా? ఇవన్నీ అక్కడ దిగినాకనే తెలిసేవి. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ప్రతి మనిషికీ ఫొటో అంటించిన పాస్‌బుక్కు ఇవ్వాలి, పని ఎక్కడ, ఎన్నాళ్లు, కూలి ఎంత, కోతలేమిటి అన్నీ అందులో రాయాలి, ప్రయాణ ఖర్చు కాంట్రాక్టరే పెట్టుకోవాలి అన్నది ఆ చట్టం. ఆ పుస్తకం ఎంతమంది చేతికి వచ్చిందన్నది అడగకండి.

డాలర్ల స్టైపెండుకూ లారీ కూలికీ పోలికేందని మీకు కోపం రావచ్చు. గౌరవం వేరు, బతుకు వేరు, కాదనను. కానీ యూనివర్సిటీ పంపే ఫండింగ్ ఉత్తరం బహుమతి కాదు. అది పని ఒప్పందం. ఆ పాస్‌బుక్కులో రాయాల్సినవే ఈ ఉత్తరంలోనూ వెతకాలి. అభినందనలు అన్న మొదటి వాక్యం దాటి కిందికి రండి.

టీఏ అంటే ప్రొఫెసర్ పాఠానికి పేపర్లు దిద్దడం, ల్యాబ్ చూసుకోవడం. ఆర్ఏ అంటే ప్రొఫెసర్ ప్రాజెక్టుకు వచ్చిన నిధుల్లోంచి జీతం. ప్రాజెక్టు అయిపోతే జీతం సంగతి మళ్లీ మాట్లాడుకోవాల్సిందే. ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. ఉత్తరంలో యాభై శాతం అపాయింట్‌మెంట్ అని ఉంటే ఆ 20 గంటలే, సగం జీతమేమో అని బెంగపడొద్దు. ఇరవై ఐదు శాతం అంటే 10 గంటలు, దాంతోపాటు ఫీజు మాఫీ కూడా తగ్గే అవకాశముంది. మాఫీలోనూ రకాలున్నాయి. కొన్ని ప్రభుత్వ యూనివర్సిటీలు మొత్తం ట్యూషన్ వదిలేస్తాయి. కొన్ని బయటి రాష్ట్రం వాళ్లకు వేసే అదనాన్ని మాత్రం వదిలి మిగిలింది కట్టమంటాయి. ట్యూషన్ అంతా పోయినా సెమిస్టర్ ఫీజులు, ఆరోగ్య బీమా అని తోకలు మిగులుతాయి. అవి వేల డాలర్లలోకి పోవచ్చు.

అన్నిటికంటే పెద్ద మెలిక నెలల దగ్గర ఉంది. జీతం ఏడాది పొడుగునా వస్తుందా, తొమ్మిది నెలలకేనా? చాలా టీఏలు తొమ్మిది నెలలవే. జూన్, జూలైలో కూడా అన్నం తినాలి గదా, ఇంటి కిరాయి కట్టాలి గదా. ఆ పైన రెండో ఏడు. మార్కులు బాగుంటే కొనసాగిస్తామని రాస్తారా, మొదటి సెమిస్టర్ వరకే అని రాస్తారా, అసలేమీ రాయకుండా ఊరుకుంటారా? ఊరుకుంటే అడగాలి. ఒక మంచి మాట కూడా చెప్పాలి: జీతం మీద పన్ను ఉంటుంది కానీ, భారత్, అమెరికాల పన్ను ఒప్పందంలో 21వ అధికరణం వల్ల మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది. తతిమ్మా దేశాల పిల్లల్లో చాలామందికి ఆ వెసులుబాటు లేదు.

పైసలిచ్చే చోట షరతు ఉండటం కొత్త సంగతి కాదు. 1913లో అంబేడ్కర్ కొలంబియా యూనివర్సిటీకి పోయింది బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లు. చదువు అయినాక పదేళ్లు బరోడా సంస్థానంలో కొలువు చేయాలని ఒప్పందం. 1915లో ఎంఏ పట్టా వచ్చింది. స్కాలర్‌షిప్ గడువు తీరడంతో 1917లో లండన్ చదువు నడుమ ఆపి బరోడాకు వచ్చారు. అంత చదువు చదివిన మనిషికి ఆ ఊళ్లో కులం అడ్డమొచ్చి అద్దెకు గది దొరకలేదు, కొలువు వదిలేశారు. కాగితం మీద రాసిన షరతు ఆయనకు ముందే తెలుసు. రాయని షరతు అక్కడ దిగినాక తెలిసింది.

ఇటు మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1922లో హార్వర్డ్‌కు పోయినప్పుడు స్కాలర్‌షిప్ లేదు. కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం, మామగారి సాయం మీద ఓడెక్కారు. అవి చాలక బోస్టన్‌లో ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా కుదిరారు. పట్టా పుచ్చుకున్న డాక్టరు రోగుల మలమూత్రాలు ఎత్తిపోశాడు. ఆయన పేరు చెప్పి ధైర్యం నూరిపోసేవాళ్లను చూస్తే నాకు కొంచెం చిరాకు. ఆ రాత్రిళ్లు ఎట్లా గడిచాయో మనకేం తెలుసు.

ఆ అంబేడ్కర్ పేరు మీదే తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఓవర్సీస్ విద్యానిధి ఇస్తుంది. బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో, మైనారిటీలకు ఇంకో పేరుతో అలాంటివే ఉన్నాయి. ఇచ్చేది 20 లక్షలు, రెండు విడతల్లో. మొదటిది అక్కడ దిగినట్టు కాగితం చూపించినాక, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితం చూపించినాక. అంటే వీసా ఫీజు, విమానం టికెట్టు వేళకు మన జేబే దిక్కు, టికెట్టు ఖర్చుకు తర్వాత కొంత ఇచ్చినా. ఇంట్లో ఈ లెక్క ముందే వేసుకోకపోతే జూలైలో పరుగులు పెట్టాలి.

బ్యాంకు లోను సంగతి చెప్తే మీకే తెలిసినది మళ్లీ చెప్పినట్టవుతుంది. ఏడున్నర లక్షల దాకా మామూలుగా తాకట్టు అడగరు, ఆపైన చాలాసార్లు ఆస్తి కాగితాలు కావాలి. మా దిక్కు పిల్లలు చిక్కేది అక్కడే. నాయినకు నాలుగెకరాల చెల్క ఉంటుంది, పట్టాదారు పాసుబుక్కు ఉంటుంది. కానీ వ్యవసాయ భూమిని చదువు లోనుకు తాకట్టుగా చాలా బ్యాంకులు పట్టుకోవు. పర్మిషన్ ఉన్న ప్లాటో, ఇల్లో తెమ్మంటాయి. భూమి ఉండీ లోను లేదు. ఇక ప్రైవేటు ఫైనాన్సు మిగులుతుంది, దాని వడ్డీ మీటరు మీకు తెలిసిందే.

అయితే పైసలిచ్చే మాస్టర్స్ అంటే అమెరికాయే అనుకోవద్దు. యూరప్‌లో ఎరాస్మస్ ముండుస్ ఉంది, నెలకు 1,400 యూరోలు, ఫీజు లేదు, రెండు మూడు దేశాల్లో చదువు. అందులో రిజర్వు జాబితా అని ఒకటుంటుంది, పైవాడు వదిలితే కిందివాడికి. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావరకు ట్యూషన్ అడగవు కానీ వీసా కోసం ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంటులో వేసి చూపాలి. కెనడాలో థీసిస్ రాసే మాస్టర్స్‌కు జీతం దొరుకుతుంది, క్లాసులు విని వచ్చే ఎంఇంజ్‌కు మామూలుగా దొరకదు.

మన దేశంలోని సంగతి మనవాళ్లకు ఎందుకో ఆనదు. గేట్ రాసి ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు స్టైపెండు, వారానికి కొన్ని గంటలు టీఏ పని. డాలర్లలోకి మార్చి నవ్వకండి. సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ హైదరాబాదు ఉంది. అక్కడ చేరితే పండుగకు కొత్తకోట వచ్చి సద్దిరొట్టె మూట కట్టుకొని పోవచ్చు. ఆఫర్లు తూకం వేయడం ఎట్లానో కూడా ఐఐటీలే నేర్పుతాయి. వాటి ఉమ్మడి ఆఫర్ల పోర్టల్‌లో మూడు మీటలుంటాయి: యాక్సెప్ట్ అండ్ ఫ్రీజ్, రిటైన్ అండ్ వెయిట్, రిజెక్ట్ అండ్ వెయిట్. చేతిలో ఉన్నది పట్టుకొనే ఇంకా మంచిదాని కోసం చూడొచ్చు. 

అయినా చదువుకు పరాయి దేశం అంత దూరం ఎందుకు బిడ్డా అనే పెద్దమనుషులకు మదనాపురం దగ్గరి సరళాసాగర్ ప్రాజెక్టు చూపిస్తుంటా. 1959లో పూర్తయింది. నిండితే ఎవరూ గేటు ఎత్తనక్కర లేదు, సైఫన్లు వాటంతట అవే నీళ్లు వదులుతాయి. వనపర్తి రాజావారు కాలిఫోర్నియాలో చూసొచ్చిన పద్ధతి అని మా వైపు చెప్పుకుంటారు.

మొన్న మగ్గాల ఇంటి అమ్మాయి ఒకామె వచ్చింది. "పెద్దనాయనా, ఒకటేమో మస్తు పేరున్నది, రూపాయి ఇయ్యరు. ఇంకొకటి ఎవరికి తెల్వని ఊరు, ఫీజు మాఫీ, జీతం. యాడికి పోవాలె?"

"జీతం ఎన్ని నెలలకు?"

"రాయలే."

"రెండో ఏడు?"

"అది గూడ రాయలే. అడిగితే ఏమన్న అనుకుంటరేమో. సీటు తీసేస్తరేమో."

"అడిగినందుకే సీటు తీసే చోటైతే ఇప్పుడే తెల్వడం మంచిది గదా బిడ్డా."

నా మొగ్గు దాచుకోను. మా ఊరి పిల్లలకైతే ఎవరికీ తెలియని ఊళ్లోని జీతమే మేలంటాను. అక్కడ కిరాయిలు తక్కువ, ఇక్కడ ఇంటి కాగితం పెట్టెలోనే ఉంటుంది, టీఏగా పని చేసిన పిల్లకు ప్రొఫెసర్ పేరు పెట్టి పిలిచే చనువు వస్తుంది. ఆ ప్రొఫెసర్ రాసే ఉత్తరం రేపు పీహెచ్‌డీకి పనికొస్తుంది. పెద్ద పేరుకు విలువ లేదనను. వడ్డీ భయం లేని ఇంట్లో పుట్టినవాళ్లకు అది నిక్షేపంగా పనికొస్తుంది. లోను తీసుకున్నవాళ్లకు కోర్సు ముగిసి ఆరునెలలో ఏడాదో అయినాక ఉద్యోగం దొరికినా దొరకకపోయినా నెలవారీ కిస్తీ మాత్రం తప్పకుండా వస్తుంది.

ఆ అమ్మాయి గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కు మెయిలు రాసింది. నాలుగు ప్రశ్నలు: ఎన్ని నెలలు, రెండో ఏడు ఉందా, ఏ ఫీజులు మిగులుతాయి, బీమా ఎవరిది. రెండు రోజుల్లో జవాబొచ్చింది. తొమ్మిది నెలలకే జీతం, మార్కులు నిలబెట్టుకుంటే రెండో ఏడు కూడా, బీమాలో సగం వాళ్లది. ఇప్పుడామె దగ్గర లెక్క వేసుకోవడానికి అంకెలున్నాయి.

తేల్చుకున్నాక ఒక పని చాలామంది మరిచిపోతారు. పోనిచోటికి వద్దని రాయరు. పేరు ఉండనీలే, ఎందుకైనా మంచిదని ఆగస్టు దాకా పట్టుకొని కూర్చుంటారు. పైన చెప్పిన విస్తరి వరస గుర్తుందిగదా. మీరు వదలని ఆ టీఏ కోసం ఆత్మకూరులోనో పెబ్బేరులోనో ఇంకో పిల్ల అరుగు మీద ఫోను పట్టుకొని ఉండొచ్చు. మీ ఆఫర్‌కు ధన్యవాదాలు, నేను వేరేచోట చేరుతున్నాను. ఈ రెండు ముక్కలు రాయడానికి ఎస్‌ఓపీ వ్యాసానికి పట్టినంత కాలం పట్టదు, కన్సల్టెన్సీకి ఫీజు కూడా కట్టనక్కరలేదు.