పొట్టి గేరు రాడ్డు: హోసూరు – కృష్ణగిరి దారి

హోసూరును బయటివారు బెంగుళూరు తోక అనుకొని దాటిపోతారు. అత్తిబెలె దాటగానే తమిళనాడు, చంద్రచూడేశ్వరస్వామి కొండ కనబడితే హోసూరు, ఆ తరువాత సూళగిరి, కృష్ణగిరి, సేలం. వారికి తెలిసిన భూగోళం ఇంతే. హోసూరుకూ కృష్ణగిరికీ నడుమ సుమారు యాభై కిలోమీటర్ల దారిలో ఎన్ని భాషలు వినబడతాయో, ఎన్ని రకాల చేతిపనులు బ్రతుకుతున్నాయో తెలియాలంటే బండి చెడిపోయి ఎక్కడో ఒకచోట ఆగాలి. మా బండి చెడలేదు గాని నా ఎడమ భుజం చెడింది. దానివల్ల ఒక షెడ్డులో రెండు శనివారాలు కూర్చుని చూచిన పనిని గురించి వ్రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి కొంత చెప్పాలి. మన తాతల కాలంలో హోసూరు సేలం జిల్లాలో ఒక మూల తాలూకా. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడితే అందులో చేరింది. 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడితే ఇందులోకి వచ్చింది. జిల్లాలు మారినా ఇళ్ళలో తెలుగు మారలేదు. 1970లలో ప్రభుత్వంవారు సిప్కాట్ పేట వేయించాక ఊరి తీరే మారింది. 1980లో రెండు బళ్ళు ఇక్కడి కథలోకి వచ్చాయి. ఒకటి అశోక్ లేలాండ్ వారి లారీ, రెండవది టి.వి.ఎస్. 50 మోపెడ్డు. లారీ నడపాలంటే గేర్లు తెలిసిన మొనగాడు కావాలి. మోపెడ్డుకు అసలు గేర్లే లేవు, పిడి త్రిప్పితే కదులుతుంది. పాలవాడి దగ్గరనుంచి పంతులుగారిదాకా అందరూ దానిమీద తిరిగారు. ఒకే ఊళ్ళో, ఒకే సంవత్సరంలో యీ రెండూ రావడం నాకు ఇప్పటికీ విచిత్రంగానే తోస్తుంది.

ఫ్యాక్టరీల వెంట లేతు షెడ్లు వచ్చాయి. బాగలూరు రోడ్డు మీద నేను కూర్చున్న షెడ్డు అటువంటిదే. బోర్డు మీద అక్షరాలు తమిళం, లోపల మాటలు తెలుగు, తిట్లు కన్నడం. మేస్త్రికి అరవై దాటాయి.

నా సంగతి ఇది. కృష్ణగిరి దాటి వేపనపల్లి వైపు ఒక పల్లెలో మా అమ్మ వుంటున్నది. హోసూరుకు రమ్మంటే రాదు. ఆవునూ, చింతచెట్టునూ, పక్కింటి ముసలమ్మనూ వదలదు. ప్రతి ఆదివారం నేనే వెళ్ళి మందులూ సామానులూ ఇచ్చి, పని వుంటే ఆమెను కృష్ణగిరికి తీసుకొనివెళ్ళి తిరిగి దింపి వస్తాను. బస్సు మీద అయితే రెండు చోట్ల మారాలి. అమ్మ మోకాళ్ళతో బస్సు మెట్లు ఎక్కలేదు. నిరుడు నా ఎడమ భుజం బిగుసుకుపోయింది. మన కార్లలో గేరు వేసేది ఎడమచేత్తోనే గదా! ఒకటి, మూడు, అయిదు గేర్లకు రాడ్డును ముందుకు నెట్టాలి. నెట్టినప్పుడల్లా భుజంలో మేకు దిగినట్టుండేది. డాక్టరుగారు వ్యాయామం చెప్పారు, తగ్గడానికి నెలలు పడుతుందన్నారు. అమ్మ దగ్గరకు వెళ్ళడం మానుకోవాలా, గేరు లేని కొత్త కారు కొనాలా అన్నది ప్రశ్న. రెండవది నా జీతానికి అందేది కాదు. పన్నెండేళ్ళనాటి నా చిన్న కారునే చేతికి అనుకూలంగా చేసుకోవచ్చునా అని విచారించగా, మా ఆఫీసులో ఒక కుర్రవాడు “షార్ట్ షిఫ్టర్ వేయించండి సార్, రాడ్డు కదిలే దూరం తగ్గుతుంది” అన్నాడు.

ఇది పందెపు బళ్ళవారి సరదా వస్తువు. కారు చేసిన కంపెనీ ఇచ్చేది కాదు, తరువాత బయట కొని బిగించుకొనేది. దాని కిటుకు తెలుసుకోవడానికి మన చదువరులకు యంత్రశాస్త్రం అక్కరలేదు, ఏతం గుర్తు తెచ్చుకుంటే చాలు. ఏతపు మానును ఆనించిన చోటికి ఒకవైపు ఎక్కువ పొడవు, రెండవవైపు తక్కువ వుంటే, పొడుగువైపు చాలా దూరం కదిలితే పొట్టివైపు కొద్దిగా కదులుతుంది, కాని బలంగా కదులుతుంది. గేరు రాడ్డూ అంతే. మధ్యలో ఒక గోళీ మీద అది ఆని వుంటుంది. పైన మన చేయి, క్రింద గేరుపెట్టెకు వెళ్ళే కేబులు. నా కారులో గోళీకి పైన 240 మిల్లీమీటర్లు, క్రింద 60. అంటే నాలుగుకు ఒకటి. కేబులు ఒకటిన్నర సెంటీమీటర్లు కదలడానికి నా చేయి ఆరు సెంటీమీటర్లు కదలాలి. క్రింది భాగాన్ని 75 చేస్తే 3.2కు ఒకటి అవుతుంది, చేయి 4.8 సెంటీమీటర్లు కదిలితే సరిపోతుంది. అయిదింట ఒక వంతు దూరం తగ్గింది.

మేస్త్రి యీ లెక్కంతా విని, “తగ్గింది సరే సామీ, తూకం మాట ఏమి?” అన్నాడు. దూరం అయిదింట ఒక వంతు తగ్గితే నెట్టే బలం నాలుగింట ఒక వంతు పెరుగుతుంది. పుస్తకంలోనూ ఇంతే వుంటుంది. కాని ఆయన పుస్తకం జోలికి పోలేదు. మామిడికాయలు తూచే స్ప్రింగు త్రాసు ఒకటి తెచ్చి, కొక్కెం గేరు గుండుకు తగిలించి లాగాడు. ముల్లు రెండు కిలోల దగ్గర ఆగి గేరు పడింది. “ఇది రెండున్నర అవుతుంది. నీ భుజానికి దూరం నొప్పా, బరువు నొప్పా? అది చెప్పు ముందు.” డాక్టరుగారు కూడా నన్ను యీ ప్రశ్న అడగలేదు. ఆలోచించి చూస్తే దూరమే. బరువైన ఫైళ్ళ కట్ట ఎత్తినా బాధ వుండేది కాదు, పై అరలోని కాగితం అందుకుంటే ప్రాణం పోయేది.

అయినా ఆయన వెంటనే పని మొదలుపెట్టలేదు. రాడ్డును గేరులో వుంచి అటూ ఇటూ ఆడించి చూపాడు. రెండు వ్రేళ్ళ వెడల్పు ఊరికే ఊగుతున్నది. కేబులు కొసన వుండే ప్లాస్టిక్ బుష్షు అరిగిపోయింది. చాలామంది యీ ఊగులాటనే “గేరు దూరం” అనుకొని షార్ట్ షిఫ్టరుకు డబ్బు పోస్తారట. మొదటి శనివారం బుష్షులు మాత్రమే మార్చాడు. సామాను చవక, గంట పని. ఊగులాట పోయింది, గేరు ఎక్కడ పడిందో చేతికి తెలిసింది. భుజం బాగున్నవారు ఎవరైనా ఇక్కడితో ఆగవచ్చునని నా అభిప్రాయం. నాకు మాత్రం మూడవ గేరు ఇంకా దూరంగానే వుంది.

దూరం తగ్గించడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, పై రాడ్డును కోసి పొట్టి చేయడం. రంపం చాలు, కాణీ ఖర్చులేదు. లెక్క కూడా సరిపోతుంది, 240ని 192 చేసినా అదే 3.2. కాని గుండు దాదాపు అయిదు సెంటీమీటర్లు క్రిందికి పోతుంది. భుజం నొప్పిగలవాడు ఇంకా వంగాలి. రెండవది, గోళీ ఆనే పీటను దిమ్మలమీద 15 మిల్లీమీటర్లు పైకి లేపి, క్రింది కాలు పొడుగ్గా వున్న కొత్త రాడ్డు వేయడం. అప్పుడు కేబులు పాత ఎత్తులోనే వుంటుంది, గుండు ఒకటిన్నర సెంటీమీటర్లు చేతికి దగ్గరగా పైకి వస్తుంది. బెంగుళూరులో జె.సి. రోడ్డు మీద, బండి సామానుల వీధిలో, నా కారుకు సరిపోయే యీ రెండవ రకం దొరికింది. గుమాస్తా బుద్ధి కాబట్టి మార్పును గురించి భీమా కంపెనీకి ఒక ఉత్తరం వ్రాసి నకలు దాచుకున్నాను.

రెండవ శనివారం బిగింపు. బండిని చదునైన చోట నిలిపి, హ్యాండుబ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు పెట్టి, న్యూట్రల్‌లో వుంచాడు. గేరు తీసేసిన బండి దొర్లితే ఆపడానికి రాడ్డు వుండదు గదా! బ్యాటరీ తీగ విప్పాడు. గుండు మరలు త్రిప్పి ఊడదీసి, తోలు తొడుగు, దాని చుట్టూ వున్న ప్లాస్టిక్ పెట్టె తీశాడు. కేబుళ్ళు ఎక్కడ వున్నవో తెల్లరంగుతో గుర్తు పెట్టాడు. పీటకు నాలుగు బోల్టులు. పాత రాడ్డు బయటికి వచ్చినప్పుడు దాని గోళీ చుట్టూ పన్నెండేళ్ళ గ్రీజు తారులా అతుక్కొని వుంది. అది తుడవడానికే ఎక్కువసేపు పట్టింది. దిమ్మలు, కొత్త రాడ్డు, కొత్త గ్రీజు, క్లిప్పులు. రెండు గంటలలో అయిపోయింది.

కాని అసలు పని ఆ తరువాతనే వున్నదని ఆయన వాదన. ఇంజను ఆపివుంచి ఒక్కొక్క గేరూ వేసి చూశాడు. రివర్సు అడ్డు సరిగా పనిచేస్తున్నదా, తోలు తొడుగు రాడ్డును వెనక్కు లాగుతున్నదా అని చూశాడు. మూడవ గేరులో లాగుతున్నది. తొడుగును వదులు చేయించాడు. గేరు పూర్తిగా పడకుండా అంచుమీద నిలిస్తే లోపలి పళ్ళు మూలలు అరిగి, ఒకనాడు ఘాటు దిగుతుండగా గేరు ఎగిరి బయటపడుతుందట. “షోకుకు వేసుకున్నోళ్ళు ఈడనే చెడిపోయేది. వేసేసి పోతారు. నువ్వు నిదానంగా వెయ్యల్ల సామీ, లోపల ఇత్తడి రింగుకు తావు ఇయ్యల్ల.”

ఆ ఇత్తడి రింగు సంగతి మా పెదనాన్న వుండివుంటే నవ్వేవాడు. కలవబోయే రెండు చక్రాల వేగాన్ని ముందుగా సమానం చేసేదే ఆ రింగు. సింక్రోమెష్ అంటారు. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లలో మొదట వచ్చింది. సేలం దారిలో లారీ తోలిన మా పెదనాన్నకు మాత్రం అది దక్కలేదు. క్లచ్చి తొక్కి న్యూట్రల్, వదిలి ఏక్సిలేటరు, మళ్ళీ తొక్కి గేరు. ఒక్కొక్క మార్పుకు రెండు తొక్కుళ్ళు. చెవితో విని గేరు వేసేవాడు. రాడ్డు మూరెడు కదిలేది. ఆయన కుడిభుజం కంటే ఎడమభుజం లావుగా వుండేది, చొక్కా కుట్టే దర్జీకి అది తెలుసు.

మరునాడు ఆదివారం. హోసూరు సుమారు 900 మీటర్ల ఎత్తు, కృష్ణగిరి దాదాపు 500. అంటే యీ దారిలో మనం తెలియకుండానే నాలుగువందల మీటర్లు దిగుతాం. గులాబీ తోటల తెల్లని పందిళ్ళు, సూళగిరి వద్ద కొత్తిమీర మడులు, ఆ పైన కొండ. ఇంతవరకు నాలుగో అయిదో గేరులో పోవచ్చు. మేలుమలై దిగుడు వచ్చేసరికి మూడవదానికి దిగి, ఇంజనుతోనే బండిని పట్టి వుంచాలి. కొందరు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో జారుతారు. అది కేవలం పిచ్చిపని, బ్రేకులు కాలి లారీ క్రిందికి పోతారు. అంతకుముందు యీ దిగుడంటే నాకు భయం పట్టుకొనివుండేది. భుజానికి జంకి మూడవ గేరు వేయడం వాయిదా వేసేవాణ్ణి. ఆనాడు చేయి ముందుకు చాచీ చాచకముందే గేరు పడింది. కొంచెం గట్టిగానే నెట్టవలసి వచ్చింది, మేస్త్రి చెప్పిన అర్ధకిలో అదే. నొప్పి పూర్తిగా లేదని చెప్పను, మేకు దిగినట్టు మాత్రం లేదు.

కృష్ణగిరిలో కొండకోట క్రింద ఆగి కాఫీ త్రాగాను. మన్రో దొర రాయలసీమకు రాకముందు, 1792 నుంచి 1799 వరకు యీ బారామహల్ ప్రాంతంలోనే పనిచేశాడు. అక్కడనుంచి మద్రాసుకొక దారి, సేలానికొకటి, తిరువణ్ణామలైకొకటి, కుప్పానికొకటి. ఎటు తిరిగినా లారీలే. మామిడి కాలం కాబట్టి తోతాపురి కాయల బళ్ళు రసం ఫ్యాక్టరీల వైపు వరుస కట్టాయి. అమ్మకు ఒక బుట్ట కొన్నాను. ఆమె కారు ఎక్కి, గేరు గుండు పైకి వచ్చిందని వెంటనే కనిపెట్టింది. “ఏం నాయనా, ఇది పెరిగిండాదే?” అంది. పెరగలేదమ్మా, పొట్టిదయిందన్నాను. నమ్మలేదు.

ఇదే జిల్లాలో పోచంపల్లి వుంది. మన చీరల పోచంపల్లి కాదు, తమిళనాడుది. 2021లో అక్కడ ఓలావారి కరెంటు స్కూటర్ల ఫ్యాక్టరీ లేచింది. హోసూరులో ఏథర్‌వారిదీ ఆ సంవత్సరమే మొదలయింది. ఆ బళ్ళకు గేర్లు లేవు, క్లచ్చి లేదు, ఇత్తడి రింగు లేదు. మేస్త్రి దగ్గర నలుగురు శిష్యులు వుండేవారట, ముగ్గురు ఆ ఫ్యాక్టరీలకు వెళ్ళారు. ఆయనకు కోపం లేదు. “నెల తిరిగితే జీతం సామీ, నేనయినా పోతును” అన్నాడు. మిగిలిన కుర్రవాడికి స్ప్రింగు త్రాసు పట్టుకోవడం నేర్పుతున్నాడు. నా పాత రాడ్డును గోనెసంచిలో చుట్టి డిక్కీలో పెట్టించాడు, భుజం నయమయ్యాక కావాలంటే తిరిగి వేస్తానన్నాడు. వెయ్యి కిలోమీటర్లు నడిచాక క్లిప్పులు మరొకసారి చూడాలి, వచ్చే శనివారం రమ్మన్నాడు.