కమాను కట్టలు, ఎద్దు పళ్లు

సరుకు రవాణాకు చిన్న వాహనం కొనదలచినవారు రెండు బండ్లను పక్కపక్కన నిలిపి మొట్టమొదట అడిగే ప్రశ్న మైలేజీ ఎంతన్నదే కావడం, దానికి వచ్చే జవాబు చదునైన రోడ్డుకూ ఓపికగల డ్రైవరుకూ మాత్రమే వర్తించేది కావడం, అయినా ఆ ఒక్క అంకె మీదే లక్షల అప్పు ఖాయమైపోవడం తెలుగునాట నిత్యం కనిపించే విడ్డూరం.

టాటా ఏస్, బొలెరో పికప్‌ల సంగతే చూడవచ్చు. జనం 'ఛోటా హాథీ' అని పిలుచుకునే ఏస్ 2005లో రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్ ఇంజనుతో వచ్చింది. దాని పేలోడు, అనగా బండి సొంత బరువు కాక సరుకుగా ఎక్కించదగిన బరువు, 750 కిలోలు. బొలెరో పికప్‌కు నాలుగు సిలిండర్ల 2523 సీసీ ఇంజను ఉండగా, అందులో పెద్ద రకం 1,700 కిలోలు మోస్తుంది. మదనపల్లె మార్కెట్టుకు వెళ్లే టమాటా ట్రే ఒక్కొక్కటి 25 కిలోలు తూగుతుందనుకుంటే మొదటిది 30 ట్రేలకు, రెండవది 68 ట్రేలకు సరిపోతుంది. తోటలో రోజుకు 30 ట్రేలే దిగే రైతు రెండవదాన్ని కొంటే మిగిలిన 38 ట్రేల ఖాళీకి కూడా నెలనెలా కిస్తీ కడతాడు. మొదటిదాన్ని కొని 45 ట్రేలు ఎక్కించేవాడికి మాత్రం 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం అధిక బరువుకు 20 వేల రూపాయలు, పైగా ప్రతి అదనపు టన్నుకు 2 వేలు చొప్పున జరిమానా రాసిపెట్టింది.

ఇన్ని లెక్కలు వేసేవారు సైతం వంగి బండి కిందికి చూడరు. అక్కడ వెనుక ఇరుసు మీద, ఒకదానిపై ఒకటిగా పేర్చి బిగించిన ఉక్కు పట్టీల కట్ట ఉంటుంది. దీనినే కమాను కట్ట అంటారు. బరువు పడినప్పుడు వంపు తిరిగిన ఈ పట్టీలు కొంత సాగి, ఒకదానిపై ఒకటి రాపాడుతూ గుంతల దెబ్బను మింగుతాయి. నిండు బరువుకు తగినట్లు చేసిన కట్ట గనుక ఖాళీగా ఉన్నప్పుడు అది వంగదు, బండి గుంత గుంతకూ ఎగిరిపడుతుంది. అదే కట్ట సరుకు ఎక్కగానే సాధువైపోతుంది. షోరూము వారు ఖాళీ బండినిచ్చి రెండు వీధులు తిప్పించే పరీక్ష ఏ బండి ఎక్కువగా ఎగురుతుందో చెప్పగలదే తప్ప ఏది బాగా మోస్తుందో చెప్పలేదు. పది బస్తాల ఇసుక వేసి నడిపి చూస్తామంటే ఏ షోరూమైనా ఒప్పుకుంటుందా అన్నది వేరే సంగతి. అడిగేవారే లేరన్నది అసలు సంగతి. కొన్న నెలకే మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయి అదనంగా ఒకటో రెండో పట్టీలు వేయించేవారు బండికి బలం వచ్చిందని సంబరపడతారు. బలం పెరిగింది కమానుకే గాని, ఇరుసుకూ బ్రేకులకూ టైర్లకూ కాదని వారికి తట్టదు.

ఈ అశ్రద్ధ తెలుగు రైతుకు తాతల నాటినుంచి వచ్చినదైతే కాదు. మదనపల్లె పక్కనే ఉన్న అంగళ్లు వంటి పశువుల సంతల్లో ఎద్దును చూడడమంటే నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టడం, అనగా పాలపళ్లు ఊడి రెండు పళ్లు వేసినదా, నాలుగు వేసినదా, ఎనిమిదీ నిండినదా అని వయసు కట్టడం. ఒంటిమీది సుడులు చూడడం. నాలుగు అడుగులు నడిపించి గిట్టలు ఎలా పడుతున్నాయో గమనించడం. ధర మాత్రం ఎవరికీ వినబడకుండా తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని తేల్చేవారు. పైగా అక్కడ రెంటిని పోల్చేది ఒకటి కొని ఒకటి విడవడానికి కాదు, రెంటినీ ఒకే కాడికి కట్టడానికి. అందువల్ల ఎత్తు, నడక, పొగరు కలిశాయా అన్నదే పోలిక. కుడివైపు కట్టే వలపటి ఎద్దు, ఎడమవైపు కట్టే దాపటి ఎద్దు తమ తమ పక్కలకు అలవాటుపడి ఉండేవి గనుక, కొనేవాడు ఆ ఎద్దు ఏ పక్క నడిచినదో అడిగి తెలుసుకునేవాడు. పక్క మార్చి కడితే ఎంత మంచి ఎద్దయినా మొదటి నాళ్లలో మెడ తిప్పి తన పాత పక్కకే చూసేది.