ఆకు లేని చెట్టుకు పసుపు పూలు... తంగేడు అనుకున్నారా?

ఫిబ్రవరి ఆఖరి ఆదివారం. పొద్దున్నే గద్వాలలో టిఫిన్ చేసి బండి తీశాం. బీచుపల్లి దగ్గర కృష్ణమ్మను దాటి, వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా అచ్చంపేట చేరేసరికి ఎండ ముదిరింది. దారి పొడవునా మోదుగలు నిప్పులు పోసినట్టు పూశాయి. మేం వెళ్లేది రంగాపూర్ దగ్గరి ఉమామహేశ్వరం. శ్రీశైలానికి ఉత్తర ద్వారమని పేరు. నల్లమల ఇక్కడే మొదలవుతుంది.

కొండ ఎక్కుతుంటే బండల మధ్య ఒక చెట్టు కనిపించింది. ఒక్క ఆకు లేదు. కొమ్మల చివర మాత్రం అరచేయంత పసుపు పూలు! మావాడు వెంటనే ఫొటో తీసి 'మన స్టేట్ ఫ్లవర్ తంగేడు' అని వాట్సాప్ స్టేటస్ పెట్టేశాడు. అక్కడితో ఆగితే బాగుండు. కింద రాలిన పూలు ఏరి, ఇంటికెళ్లి తంగేడు పూల టీ కాచుకుందామన్నాడు.

కొబ్బరికాయలు అమ్ముతున్న అవ్వ నవ్వింది. "గది తంగేడు గాదు బిడ్డా, కొండగోగు. దేవునికి పెడ్తరు గానీ తాగుతరా?"

ఫోన్‌లో యాప్‌ని అడిగితే మూడు పేర్లు చెప్పింది. దాని తప్పేం లేదు. మేం ఇచ్చింది పువ్వు ఫొటో ఒక్కటే. దాంతో మెట్ల మీద కూర్చుని, రాలిన పువ్వును చేతిలో పెట్టుకుని ఒక్కొక్కటీ చూశాం.

ముందు చెట్టు. తంగేడు పొద. చేల పక్కన, రోడ్ల వెంట నడుమెత్తు పెరుగుతుంది. ఆకులతో గుబురుగా ఉంటుంది, ఒక్కో ఈనెకు రెండు వైపులా చిన్న చిన్న ఆకులు జంటలుగా. కొండగోగు చెట్టు. రాళ్ల గుట్టలంటే దానికి ఇష్టం. పూసే కాలానికి ఆకులన్నీ రాల్చేస్తుంది. తర్వాత వచ్చే ఆకులు అరచేతికి వేళ్లున్నట్టు చీలి ఉంటాయి.

తర్వాత పువ్వు. రెండింటికీ ఐదు రేకులే, రెండూ పసుపే. కానీ కొండగోగు పువ్వు 10 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, తంగేడు అందులో సగమే. కొండగోగు రేకు కొసన చిన్న నొక్కు కనిపిస్తుంది. అసలు గుట్టు మధ్యలో ఉంది. తంగేడులో కేసరాలు లెక్కపెట్టొచ్చు, పదే. కొండగోగులో లెక్క తెగదు, కుచ్చులా బోలెడుంటాయి.

చివరగా కాయ. తంగేడుది పలచటి చదును కాయ. కొండగోగుది ఉబ్బిన కాయ. ఎండాకాలంలో పగిలితే లోపల పట్టులాంటి దూది. గింజలు ఆ దూదితో గాల్లో ఎగిరిపోయి వానల కోసం ఎదురుచూస్తాయి. బూరుగుకూ దూది ఉంటుంది కదా అంటారేమో. బూరుగు పూలు ఎరుపు, మాను మీద ముళ్లుంటాయి.

ఆకులు రాల్చడం వెనకా లెక్క ఉంది. ఎండల్లో నీళ్లు ఆదా అవుతాయి, మోడు కొమ్మ మీది పువ్వు తేనెటీగలకు దూరం నుంచే కనిపిస్తుంది. ఈ చెట్టు బెరడు నుంచి బంక కూడా కారుతుంది. నల్లమల చెంచులకు అడవి బంక ఒక బతుకుదెరువు. గాట్లు మితిమీరితే మాత్రం చెట్టు బతకదు.

మీరూ అటెళ్తే మూడు ఫొటోలు తీయండి: చెట్టు మొత్తం, ఆకు లేదా మోడు కొమ్మ, పువ్వు ముందు వైపు. అప్పుడు యాప్ కూడా దారికొస్తుంది. పేరు ఖాయం కాకుండా ఏ పువ్వునూ నోట్లో పెట్టొద్దు. మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం, అక్కడ బండి దిగి పూలు కోయడం కుదరదు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ దారి మూసేస్తారు కూడా.

మావాడు ఏరిన పూలన్నీ గుడి గడప దగ్గర పెట్టి వచ్చాడు. స్టేటస్ తీసేసి కొత్తది పెట్టాడు: 'ఇది కొండగోగు. అవ్వ చెప్పింది.'