చంటిగాడి చిట్టా

మా చంటిగాడికి పదమూడేళ్లు నిండాయి. ఏ జాతి కుక్క అని అడిగినవారికి "బరంపురం జాతి" అని చెబుతూ ఉంటాను. 2012 వానాకాలంలో మా నాన్నగారు బజారుకెళ్లి, కూరగాయల సంచీతో పాటు తడిసి ముద్దయిన ఈ కుక్కపిల్లను కూడా పట్టుకొచ్చారు. 2019లో నాన్నగారు పోయారు. అప్పటినుంచి వాడు మా అమ్మ మంచం కిందే పడుకుంటున్నాడు.

కుక్క కడుపు గురించి కూడా వ్యాసమా అని నవ్వుకోకండి. ఆ కడుపు మూలంగా మా ఇంట్లో తల్లీకొడుకుల మధ్య నెల రోజులు మాటలు లేకుండా పోయాయి. అందుకే రాస్తున్నాను.

2024 ఎండాకాలం నుంచి వాడికి తరచుగా కడుపు చెడడం మొదలైంది. ఉన్నట్టుండి అన్నం మానేసేవాడు. పచ్చగా కక్కేవాడు. ఆపైన విరేచనాలు. ముందుకాళ్లు చాచి ఛాతీ నేలకానించి, నడుము పైకెత్తి నిలబడేవాడు. "చూడరా, దేవుడికి దండం పెడుతున్నాడు" అని అమ్మ మురిసిపోయేది. అది కడుపునొప్పి వల్ల అని తర్వాతగాని మాకు తెలియలేదు. రెండు మూడు రోజులకు తేరుకునేవాడు. నెల తిరక్కుండా మళ్లీ అదే కథ. ముసలితనం కాబోలు అనుకున్నాం. మజ్జిగన్నం పెట్టాం. ఒకసారి మనుషులు వేసుకునే విరేచనాల మాత్ర సగం విరిచి నేనే మింగించాను.

దీపావళికి ముందు మరీ నీరసించిపోతే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాను. మాత్ర సంగతి చెప్పగానే ఆయన నన్ను బడిపిల్లవాణ్ణి కోప్పడ్డట్టు కోప్పడ్డాడు. మలం పరీక్ష చేయించాడు, పురుగులు లేవు. రక్తపరీక్షలో మూత్రపిండాలు, కాలేయం బాగానే ఉన్నాయి. కడుపు స్కానింగూ, పాంక్రియాటిక్ లైపేజ్ అనే మరో రక్తపరీక్షా చేయించాక అసలు సంగతి బయటపడింది. క్లోమగ్రంథికి వాపు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది: క్లోమం నుంచి వచ్చే జీర్ణరసాలు పేగులోకి చేరాక పనిలోకి దిగాలి. వాపు వచ్చినప్పుడు అవి గ్రంథిలోనే పని మొదలుపెట్టి దాన్నే కాల్చేస్తాయి. ఒకసారి వచ్చినవాడికి మళ్లీ మళ్లీ రావచ్చు. వయసు మళ్లిన కుక్కకు గట్టిగా వస్తే ప్రాణం మీదికే వస్తుంది. కొవ్వు తిండి దానికి పెద్ద శత్రువు. "మందు నేనిస్తాను. కాని ఇంట్లో వీడి నోట్లోకి ఏం వెళుతోందో మీరే కనిపెట్టాలి" అన్నాడు.

ముప్పై ఏళ్లుగా బ్యాంకులో లెక్కలు సరిచూసినవాణ్ణి. ఇది నా పనే అనిపించింది. ఒక పాత నోటుపుస్తకం తీసి గళ్లు గీశాను: తేదీ, వేళ, ఏం పెట్టారు, ఎంత, ఎవరు పెట్టారు, విరేచనం ఎలా ఉంది, కక్కాడా, నీళ్లు తాగాడా. ఇంటిల్లిపాదినీ రాయమన్నాను.

ఇంతలో మార్గశిరం వచ్చింది. మన ఆడవాళ్లు లక్ష్మివారం నోము పట్టి, వారానికో నైవేద్యం చేస్తారు. మా ఒడియా పొరుగువారికీ ఆ గురువారాలే మాణబసా. వాళ్లది పౌర్ణమి లెక్క, మనది అమావాస్య లెక్క గనుక, వాళ్ల మార్గశిరం మనకంటే పదిహేను రోజులు ముందే మొదలవుతుంది. ఆ విధంగా 2024లో మా వీధిలో నవంబరు 21 నుంచి డిసెంబరు 26 దాకా ఆరు లక్ష్మివారాలు నడిచాయి. అటు పిఠాలు, ఇటు అప్పాలు, పరమాన్నం, గారెలు. చంటిగాడికి ఆ నెలన్నరలో రెండుసార్లు కడుపు చెడింది. పుస్తకం చూస్తే రెండుసార్లూ శుక్రవారమే.

పరమాన్నం గళ్లో అమ్మ చేతిరాత ఉంది. దాచలేదు పాపం, రాసింది. సెలవులకు వచ్చిన మా అమ్మాయి ముందే, "అమ్మా, వాడి ప్రాణం నువ్వే తీస్తున్నావు" అనేశాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "మీ నాన్న విస్తట్లోంచి ఒక్క ముద్ద వాడికి తియ్యకుండా లేచేవారు కాదురా. ఆ ముద్దే నేను పెడుతున్నాను" అంది. మర్నాటినుంచి వాడికి ఏమీ పెట్టలేదు. భోజనాల వేళ వాడు వచ్చి పక్కన కూర్చుంటే ముఖం తిప్పుకునేది. సంక్రాంతికి విశాఖపట్నంలో మా చెల్లెలింటికి వెళ్లి, పండగ అయినా తిరిగి రాలేదు.

అమ్మ లేదు, పిండివంటలు లేవు. ఇక చిట్టా శుభ్రంగా ఉంటుందనుకున్నాను. జనవరి నెలాఖరున చంటిగాడు మళ్లీ కక్కాడు. ఈసారి రెండు రోజులు సెలైను ఎక్కించాల్సి వచ్చింది.

ఆ రాత్రి పుస్తకం ముందేసుకుని కూర్చుంటే మా ఆవిడ వెనకనుంచి చూసి, "ఏమండీ, ఇందులో మీ పేరున ఒక్క పద్దూ లేదేం?" అంది.

నాకు మాట రాలేదు. పొద్దున్నే వాణ్ణి షికారుకు తీసుకెళ్లేది నేను. వీధి చివర టీకొట్టు దగ్గర నా బరాలో సగం, రెండు క్రీము బిస్కట్లు వాడికి రోజూ మామూలు. ఏళ్ల తరబడి అలవాటు. అది తిండి కిందికి వస్తుందనే నాకు తోచలేదు. అందరి సొరుగులూ తనిఖీ చేసి, తన సొరుగు మరిచిపోయిన అధికారిని నేనే.

ఆ ఆదివారం రైలెక్కి విశాఖపట్నం వెళ్లాను. అమ్మ అడిగిన మొదటి మాట, "చంటిగాడెలా ఉన్నాడు?" జరిగింది చెప్పి, "తప్పు నాదేనమ్మా" అన్నాను. "నాదీ ఉందిలే" అంది. అని తన బట్టలు సర్దుకుంది.

ఇప్పుడు వాడి తిండి పెత్తనమంతా అమ్మదే. వైద్యుడు చెప్పిన కొలత ప్రకారం రోజుకు నాలుగుసార్లు, కొంచెం కొంచెం: మెత్తగా ఉడికించిన అన్నం, తోలు, ఎముకలు తీసి ఉడికించిన కోడిమాంసం, ఒక చెంచా ఉడికిన గుమ్మడి. నూనె, నెయ్యి, మసాలా లేవు. కోడి ఉడకబెట్టడం మా ఆవిడ పని. అమ్మ ముట్టదు. ఎన్నాళ్లూ ఈ తిండి ఒక్కటే చాలదని, కొవ్వు తక్కువగా ఉండే తయారీ ఆహారం కూడా వైద్యుడు రాసిచ్చాడు. దాన్ని రోజుకు కాస్త కాస్త పెంచుతూ పది రోజుల్లో అలవాటు చేశాం. తిండి ఒక్కసారిగా మార్చినా కడుపు చెడుతుందట.

ఇంట్లో పెద్దవయసు కుక్క ఉన్నవారికి నేను నేర్చుకున్న నాలుగు మాటలు. పాలు చాలా కుక్కలకు అరగవు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్టు, ద్రాక్ష వాటికి విషం. పరమాన్నంలో వేసే ఎండుద్రాక్ష కూడా మూత్రపిండాలను దెబ్బ తీయవచ్చు. మన జ్వరం మాత్రలు, నొప్పుల మాత్రలు సొంతంగా వేయకూడదు. రక్తం పడినా, నీళ్లు కూడా నిలవకుండా కక్కినా, కడుపు ముట్టుకోనివ్వకపోయినా, "రేపు చూద్దాం" అనకండి. ఒకటి రెండు రోజుల్లో తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే, దాన్ని ముసలితనం అని వదిలేయకండి. పరీక్ష చేయించండి. పుస్తకం పెట్టండి. అందులో మీ పేరు కూడా రాయండి.

చంటిగాడికి పూర్తిగా నయమైందని చెప్పను. ఆ తర్వాత ఒకసారి కొద్దిగా వచ్చి, మందుతో తగ్గింది. కళ్లకు పొర కమ్ముతోంది. మెట్లు ఎక్కలేడు. కాని వేళకు తింటున్నాడు.

నోము మానాల్సిన పనీ పడలేదు. లక్ష్మివారం పులగంలో నెయ్యి వేయకముందే అమ్మ వాడికో చిన్న ముద్ద తీసి పక్కన పెట్టొచ్చునని వైద్యుడు ఒప్పుకున్నాడు. "నాన్నగారి ముద్ద" అని దానికి పేరు.

చిట్టా కూడా ఇప్పుడు అమ్మే రాస్తోంది. నా గళ్లు ఆవిడకు నచ్చలేదు, తన పద్ధతి తనది. మొన్న పేజీ తిరగేస్తే ఇలా ఉంది: "పొద్దున్న తిన్నాడు. మధ్యాహ్నం తిన్నాడు. సాయంత్రం తిని, ఇంకా కావాలని నా వైపు చూశాడు. పెట్టలేదు."