పదహారు మాత్రల నడక

జనవరి పొగమంచులో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఆగ్రా దాటిన దగ్గర్నుంచి ఎడ్లబండిలా నడిచింది. పొద్దున దిగాల్సినదాన్ని మధ్యాహ్నం రెండు దాటాక న్యూఢిల్లీలో దిగాను. ఇంత చలిలో ఈ ప్రయాణం పెట్టుకున్నది మా మేనకోడలి కూతురు గజ్జె కడుతోందని. రాజారెడ్డి, రాధారెడ్డి దంపతులు 1976లో నాట్య తరంగిణి పెట్టాక ఢిల్లీలో కూచిపూడి అంటే ఏమిటని అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఇప్పుడు నోయిడాలో అపార్ట్‌మెంటుకో గురువు దొరుకుతున్నారు. పిల్ల బాగా చేసింది. తర్వాత ఆగ్రా ఒక రోజు, కుతుబ్ మీనార్ ఒక పూట, మాల్ ఒకటిన్నర రోజు అయ్యాయి. మాల్ గురించి చెప్పుకోవాల్సింది అక్కడ వెచ్చగా ఉండటమే.

ఆరో రోజు మా మేనకోడలు, "అత్తా, పహాడ్‌గంజ్‌లో ఒక నడక ఉంది, వెళ్తావా? ఒకప్పుడు స్టేషన్లో పడుకున్న పిల్లలే ఇప్పుడు గైడ్లు. సలాం బాలక్ ట్రస్ట్ వాళ్లది" అంది. నాకు మనసొప్పలేదు. లేమిని టికెట్టు పెట్టి చూపించడమేమిటి, మనం చూసి రావడమేమిటి? ఆ మాటే అన్నాను. "నీ మోకాళ్ల నొప్పికి వంక వెతుక్కుంటున్నావులే" అంది. అందులోనూ నిజం ఉంది కనక బయల్దేరాను.

మెట్రో గేటు దగ్గర నిలబడ్డ కుర్రాడికి ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటాయి. నీలం జాకెట్, మెడలో కార్డు. "నమస్తే ఆంటీజీ" అన్నాడు. ఈ ఊళ్లో నన్ను ఆంటీ అన్నవాళ్లను లెక్కపెట్టడం రెండో రోజే మానేశాను. నాతో పాటు ఇద్దరు కేరళ టీచర్లు, వెన్నుసంచీలతో ఒక విదేశీ జంట. అందరూ చకచకా కదిలారు. "జల్దీ నక్కో బాబా, ఆహిస్తా" అన్నాను. కుర్రాడు ఆగి నవ్వాడు. "హైదరాబాదా? మీ రైలు నాకు బాగా తెలుసు. అప్పుడు ఏపీ ఎక్స్‌ప్రెస్ అనేవాళ్లు. దాని ఏసీ బోగీల్లో ఖాళీ సీసాలు బాగా దొరికేవి."

మొదటి షరతు, వీధిలో పిల్లలు కనబడితే ఫొటోలు తీయకూడదు. రెండోది, డబ్బు ఇవ్వకూడదు. స్టేషను గోడ వెంట నడుస్తూ తన పాత లోకం లెక్కలు చెప్పాడు. సీసాలు ఏరితే రోజుకు వంద, నూటయాభై. గురుద్వారాలో లంగరు ఉంది కనక తిండికి ఖర్చు లేదు. డబ్బు మాత్రం రాత్రికి దాచుకోలేరు, నిద్రపోతే పెద్దవాళ్లు లాక్కుంటారు. అందుకని చీకటి పడేలోపు ఖర్చుపెట్టేయాలి: సినిమా, జూదం, లేదా 'సొల్యూషన్'. టైర్లు అతికే జిగురు, రాతలు చెరిపే తెల్ల ద్రవం. గుడ్డకు పూసి పీలిస్తే ఆకలీ చలీ రెండూ పోతాయట. "పీల్చేవాడికి ఆకలి వేయదు, ఆకలి వేయనివాడు ఎవరి మాటా వినడు. మా ట్రస్టు వాళ్లకు అసలు కష్టం అక్కడే" అన్నాడు.

మనకు స్టేషను ప్రయాణం మొదలయ్యే చోటు. ఇంట్లోంచి పారిపోయిన పిల్లవాడికి అది ప్రయాణం ముగిసిన చోటు. రైలు ఇక ముందుకు వెళ్లదు, అందరూ దిగిపోతారు, తను మిగిలిపోతాడు. ఇప్పుడు ఒంటరి పిల్లవాడు కనబడితే 24 గంటల్లో పిల్లల సంక్షేమ కమిటీ ముందు నిలబెట్టాలని 2015 నాటి చట్టం చెబుతోంది. 1098కి ఫోన్ చేయవచ్చని పిల్లలకూ తెలుసు. 1988లో ఇవేవీ లేవు. ఆ ఏడాది మీరా నాయర్ 'సలాం బాంబే!' వచ్చింది. బొంబాయి వీధిపిల్లల్నే కూడగట్టి, బారీ జాన్ చేత వర్క్‌షాపు పెట్టించి, వాళ్లచేతే నటింపజేశారు. సంగీతం ఎల్. సుబ్రహ్మణ్యం. కాన్స్ చిత్రోత్సవంలో కెమెరా దోర్ అవార్డు దక్కింది. ఆ సినిమా రాబడితోనే ట్రస్టు పుట్టింది. ఢిల్లీలో మీరా నాయర్ తల్లి ప్రవీణ్ నాయర్ పూనుకుని, ఈ స్టేషన్లోనే రైల్వే పోలీసుల బాల్కనీలో పాతిక మంది పిల్లలతో మొదలుపెట్టారు.

ఆ సినిమాలో చాయ్‌పావ్‌గా వేసిన షఫీక్ సయ్యద్‌కు ఉత్తమ బాలనటుడిగా జాతీయ అవార్డు వచ్చింది. తర్వాత అతను బెంగుళూరులో ఆటో నడుపుకున్నాడు. ఆటో నడపడం తక్కువని కాదు నా ఉద్దేశం. సినిమా మూడు నెలల్లో ఆడి వెళ్లిపోతుంది, పిల్లవాడు పెద్దవాడయ్యేందుకు పదేళ్లు కావాలి. ఆ పదేళ్ల పనే ట్రస్టు నెత్తికెత్తుకుంది.

అజ్మేరీ గేటు వైపు చెయ్యి చూపి, "అక్కడ మా విక్కీ భయ్యా గిన్నెలు కడిగాడు" అన్నాడు కుర్రాడు. మనవాళ్లు హీరోల పేర్లు చెప్పే తీరులో చెప్పాడు. విక్కీ రాయ్ పదకొండేళ్లకు పురూలియా నుంచి పారిపోయి వచ్చాడు. ట్రస్టు హోంలో పెరిగాడు, పదో తరగతి బొటాబొటి మార్కులతో గట్టెక్కాడు, కెమెరా పట్టాడు. 2007లో 'స్ట్రీట్ డ్రీమ్' పేరుతో ఇండియా హాబిటాట్ సెంటర్‌లో ఫొటోలు పెట్టాడు. రెండేళ్లకు న్యూయార్క్‌లో కూలిన ప్రపంచ వాణిజ్య కేంద్రాన్ని మళ్లీ కడుతుంటే ఫొటోలు తీయడానికి ఎంపికై వెళ్లాడు. గైడు ఈ కథ వందసార్లు చెప్పి ఉంటాడు. తన కథనూ అలాగే ఒప్పజెప్పాడు: ఫలానా స్తంభం దగ్గర నాన్న కొట్టడం, ఫలానా మలుపులో రైలెక్కడం. కంఠస్థం వచ్చిన పద్యంలా ఉంది. నాకు మళ్లీ మొదటి చిరాకు వచ్చింది.

నడకలో లేనిది చూనా మండీలో జరిగింది. మిగతావాళ్లు టీ తాగుతామంటే, "ఆంటీజీకి ఆకలేస్తోంది" అని తనే కనిపెట్టి సీతారాం దీవాన్‌చంద్‌కు తీసుకెళ్లాడు. ఎదురుగా ఇంపీరియల్ సినిమా. ఛోలే భటూరే మనం హైదరాబాదులో తింటున్నామనుకుంటాం. తినడం లేదు. ఇక్కడి భటూరా కడుపులో పన్నీరూ మసాలా కూరి ఉంటాయి. కాగిన నూనెలోంచి వచ్చి అరచేయంత ఎత్తు పొంగుతుంది, వేలితో పొడిస్తే నిట్టూర్చి కూర్చుంటుంది. శనగల కూర నలుపు తిరిగి చిక్కగా, పులుపు ముందు తగిలి కారం గొంతు దగ్గర తగిలేలా ఉంటుంది. పక్కన క్యారెట్ ఊరగాయ. నిలబడి తినాలి. ఆ చలిలో రెండు చేతులా ప్లేటు పట్టుకుంటే వేళ్లకు ప్రాణం వచ్చింది. దేశ విభజనప్పుడు అటునుంచి వచ్చిన పంజాబీలు ఈ రుచిని ఢిల్లీకి తెచ్చారంటారు. ఈ పేటలోనే ఒక వీధి పేరు ముల్తానీ ఢాండా. అంటే స్టేషను పక్కన దిక్కులేక దిగినవాళ్లతో నిండటం పహాడ్‌గంజ్‌కు ఇవాళ కొత్త కాదు.

"ఆ సినిమాహాలు మెట్ల మీద కూర్చునేవాణ్ని" అన్నాడు కుర్రాడు, నోట్లో ముద్దతో. "సినిమాకు డబ్బు ఉండేది. దీనికీ ఉండేది. కానీ లోపలికి వచ్చేవాణ్ని కాదు." ఎందుకన్నాను. "ఇక్కడ తినేవాళ్లంతా ఇంటి నుంచి వచ్చినవాళ్లు కదా." ఇది ఏ స్తంభం దగ్గరా చెప్పే మాట కాదు. ప్లేటు గీకుతూ, తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

నడక చివర ట్రస్టు పిల్లలుండే చోటికి మెట్లెక్కాం. ఒక గది, చుట్టి మూలన పెట్టిన జంపఖానాలు, గోడకు కట్టిన తాడు మీద ఆరేసిన మేజోళ్లు. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మగపిల్లలు పదిమంది దాకా. ట్రస్టులోనే పెరిగిన ఒక యువకుడు డాన్సు నేర్పుతున్నాడు. ఫోన్లో తబలా మోగుతోంది. తీన్‌తాల్, పదహారు మాత్రలు. పిల్లలు చేయాల్సింది ఒక్కటే: ఈ గోడ నుంచి ఆ గోడకు నడవాలి. పదహారూ నడిచి, మళ్లీ మొదటి మాత్ర 'సమ్' పడేటప్పటికి ఆ గోడకు చెయ్యి తగలాలి. ముందూ కాదు, తర్వాతా కాదు.

ఇదేం డాన్సు అనుకున్నాను. మొదటివాడు ఆరు మాత్రల్లో గోడకు చేరి బిత్తరపోయి నిలబడ్డాడు. రెండోవాడు ఏడు. మూడోవాడు పసుపు స్వెట్టర్ పిల్లవాడు, తొమ్మిదేళ్లుంటాయి. వాడి కాళ్లు నడక మరిచిపోయాయి. ప్రతి నాలుగడుగులకూ భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు. "ఎవరూ తరమడం లేదు, వెనక్కి చూడకు" అంటున్నాడు మాస్టారు, గొంతు పెంచకుండా. మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి పన్నెండుకు చేరాడు. మిగిలిన నాలుగు మాత్రలూ ఏం చేయాలో తెలియలేదు. చేతులు జేబుల్లో పెట్టుకోబోయాడు. ఆ ప్యాంటుకు జేబుల్లేవు.

ఈ నిదానం ఎక్కణ్నుంచి వచ్చిందో మాస్టారు చెప్పాడు. అస్తాద్ దేబూ ఈ ట్రస్టు పిల్లలతో 'బ్రేకింగ్ బౌండరీస్' చేశారు. కథక్కూ కథాకళీ నేర్చి, రెంటినీ దాటి తన దారి తాను వేసుకున్న నర్తకుడాయన, 2020 డిసెంబరులో పోయారు. చెయ్యి ఎత్తడానికి నిమిషం తీసుకోగల మనిషి. పరుగు తప్ప తెలియని పిల్లల చేత ఆయన నిదానంగా కదలడం చేయించారు. ఆ బృందంలోని ఒక పెద్దబ్బాయి దగ్గర ఈ మాస్టారు నేర్చుకున్నాడట. సినిమా పాట పెడితే ఈ పిల్లలు చెప్పకుండానే ఎగురుతారు. మెల్లగా నడవమంటేనే చెమటలు పడతాయి. ఆగినవాడికి దెబ్బలు పడే చోట పెరిగారు మరి.

ఎవడో "ఆంటీజీ, మీరూ" అన్నాడు. తప్పలేదు. కేరళ టీచర్లు చప్పట్లు మొదలెట్టారు. చెప్పులు విప్పి, కుడి మోకాలిని తిట్టుకుంటూ, ఒకటి రెండు అనుకుంటూ బయల్దేరాను. మనకు ఆదితాళం ఎనిమిది కదా, రెండు ఆవర్తాలు వేసుకున్నాను. సరిగ్గా సమ్ మీద గోడకు చెయ్యి తగిలింది. గది హోరెత్తింది. నా తాళజ్ఞానం కాదది, కీళ్లవాతం.

అప్పుడు పసుపు స్వెట్టర్‌వాడు మళ్లీ లేచాడు. ఎవరూ పిలవలేదు. నడుం మీద చెయ్యి పెట్టి, పెదవులు బిగించి, ఎడమ పక్కకు వంగుతూ అచ్చం నాలా నడవడం మొదలుపెట్టాడు. అచ్చం కాదులే, నాకు నొప్పి కుడి మోకాలికి, వాడు ఎడమకు వంగుతున్నాడు. పిల్లలు దొర్లి నవ్వుతున్నారు. వాడు నవ్వలేదు, వెనక్కి చూడలేదు. పద్నాలుగు, పదిహేను, పదహారు. సమ్ పడ్డప్పుడు చెయ్యి గోడ మీద ఉంది. మాస్టారు ఫోన్ ఆపేశాడు. వాడు గోడ మీంచి చెయ్యి తీయలేదు.

ఆ తర్వాత అతిథుల కోసమని సినిమా పాట పెట్టారు, పిల్లలు ఎగిరారు, విదేశీ జంట చప్పట్లు కొట్టింది. ఆ భాగం నాకు నచ్చలేదు. మనం వెళ్లినందుకు వాళ్లు ఆడాలా?

మెట్రో దాకా కుర్రాడు దిగబెట్టడానికి వచ్చాడు. చదువు సంగతి అడిగితే ఓపెన్ స్కూలు పన్నెండో తరగతి, ఎకౌంట్స్ మిగిలిందన్నాడు. దాని ప్రధాన కార్యాలయం నోయిడా సెక్టార్ 62లో, మా మేనకోడలి ఇంటికి నాలుగు వీధుల అవతల. ఒకసారి పేరు రాయించుకుంటే అయిదేళ్లలో తొమ్మిది ఛాన్సులు, ఒక్కో సబ్జెక్టూ విడివిడిగా గట్టెక్కవచ్చు. బడి మధ్యలో తెగిపోయిన పిల్లలకు ఇంతకన్నా దయగల ఏర్పాటు నేను చూడలేదు. "ఇది నాలుగో ఛాన్సు. నా బర్త్‌డే రోజు కూర్చుని టైంటేబుల్ వేసుకున్నాను, జనవరి ఒకటి" అన్నాడు. మంచి రోజే అన్నాను. "మా హోంలో సగం మందిది అదే. పుట్టినరోజు తెలియనివాళ్లకు అదే రాశారు. ఒకటే కేకు, చిన్న ముక్కలు."

ఇంటికి చేరేసరికి తొమ్మిదైంది. పిల్లకు ఈ కథంతా చెప్పి, హాల్లో పదహారు లెక్కలో నడవమన్నాను. ఫోన్ చూస్తూనే నడిచి కరెక్టుగా ముగించి, "ఇంతేనా అమ్మమ్మా?" అంది. తర్వాత నన్ను నడవమని వీడియో తీసింది. అందులో చూసుకున్నాను. కుడి మోకాలి మీద బరువు పడకుండా, నాకు తెలియకుండానే, నేను ఎడమకే వంగుతున్నాను.