అమ్మమ్మ పెట్టిన హద్దులు

వేసవి సెలవులకి అమ్మతో పాటు మమ్మల్ని అమ్మమ్మ ఊరు ఉప్పాడకి రైలెక్కిస్తూ నాన్న నాకు అప్పజెప్పే పని ఒక్కటే, తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండడం. ఇది వాడికి ఏడేళ్లప్పటి మాట. పిఠాపురంలో రైలు దిగి, బస్సెక్కి, కొత్తపల్లి దాటి ఉప్పుగాలి మొహానికి తగిలేసరికి వాడు నా జడ గట్టిగా పట్టుకునేవాడు. వాడి భయం సముద్రానికి కాదు, దాని చప్పుడుకి. రాత్రి అరుగు మీద పడుకుంటే దూరంగా కెరటం విరిగినప్పుడల్లా కాలు తెచ్చి నా మీద వేసేవాడు.

అమ్మమ్మ వాళ్లది నేతవాళ్ల వీధి. ఉప్పాడ జామ్‌దానీ అంటే ఇప్పుడు పెళ్లిళ్లలో అందరికీ తెలుసు, 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మాకు మాత్రం అది మావయ్యా అత్తా ఒకే మగ్గం గుంటలో పక్కపక్కన కూర్చుని, ఒక్కో పువ్వుకీ పోగు చేత్తో ఎక్కించుకుంటూ, మధ్యలో చిన్నగా పోట్లాడుకుంటూ, మళ్లీ మాట్లాడుకుంటూ, పొద్దుగూకేదాకా చేసే పని. ఆ గదిలో గంజి వాసన, తడి నూలు వాసన, గాలి మళ్లితే కిటికీలోంచి ఎండుచేపల వాసన. తమ్ముడు మొదటి రోజులన్నీ ఆ గుంట పక్కనే కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టాడు. వదులుగా చుట్టిన వాటిని అత్త వాడికి కనబడకుండా విప్పి మళ్లీ చుట్టుకునేది.

అమ్మమ్మ వాడికి హద్దులు పెట్టింది. మొదటిది వీధి మొగలో కొబ్బరిచెట్టు. అది దాటితే గంగమ్మ గుడి. గుడి దాటితే వలలు ఆరేసే ఇసుకదిబ్బ, దాని నిండా చీలిక ఆకులతో పాకే ఊదాపూల తీగ. దిబ్బ దిగితే రేవు. కొబ్బరిచెట్టు దాటాలంటే పక్కన నేనుండాలి, రేవుకైతే మావయ్య ఉండాలి. ఈ చట్టాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు, అదే అరిగిపోయింది. ఓ మధ్యాహ్నం తాతయ్యకి చుట్టలు కావాలి, నేను చందమామలో మునిగిపోయి ఉన్నాను, వాడు తుర్రుమని వెళ్లి గుడి పక్క కొట్లో చుట్టలు కొని, చిల్లర పిడికిట్లో బిగించుకుని వచ్చేశాడు. ఆ తర్వాత చుట్టలు తేవడం వాడి ఉద్యోగం. తెచ్చి ఇవ్వడానికి పట్టే వేళ రోజురోజుకీ పెరిగింది. ఓ రోజు నేను వెనకాలే వెళితే గుడి దగ్గర ఆగి, "నువ్వు రాకే అక్కా, నాకు దారి తెలుసు" అన్నాడు. నేను గుడి అరుగు మీద కూర్చుండిపోయాను. వాడు దిబ్బ ఎక్కేదాకా చొక్కా కనబడింది, అవతల దిగాక లేదు.

ఇంటికొచ్చి చెబితే అమ్మమ్మ బియ్యంలో రాళ్లేరుకుంటూ, "పోనీలేవే, ఊళ్లోనే కదా ఉన్నాడు" అంది. హద్దులు పెట్టిన మనిషే!

ఇప్పుడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపేస్తారు. అప్పట్లో అలాంటిదేమీ లేదు, వేసవంతా రేవు కిటకిటలాడేది. తెప్పలు ఒడ్డుకొస్తుంటే బుట్టలతో ఎదురెళ్లే ఆడవాళ్లు, వేలంపాట కేకలు, కాకులు, తారు పూసిన పడవల వాసన, అన్నిటి మధ్యా అలివి వల. నావలో వలని సముద్రంలో అర్ధచంద్రంగా విడిచొచ్చి, రెండు కొసల మోకుల్నీ ఒడ్డు మీంచి రెండు జట్లు గంటల తరబడి లాగుతాయి. లాగడానికి చెయ్యేసిన పిల్లలకి చివర్లో గుప్పెడు చేపలు పడేస్తారు. మర్నాడు మావయ్యతో వెళ్లి చూస్తే తమ్ముడు ఆ మోకు తోకన వేలాడుతున్నాడు. ముందున్న ముసలాయన వెనక్కి తిరక్కుండానే, "సేతికి సుట్టుకోకండి బాబు, ఈడిసేత్తాది" అంటున్నాడు. మావయ్య పిలవబోయి ఊరుకున్నాడు.

సాయంత్రం తమ్ముడు చొక్కా విప్పి మూటకట్టిన కవ్వళ్లతో ఇంటికొచ్చాడు. అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి. అమ్మమ్మ ఏమీ అనకుండా మూట అందుకుని, పుల్లమామిడికాయ కోసి పులుసు పెట్టింది. కవ్వళ్లకి ముళ్లెక్కువ. అలవాటు కొద్దీ అమ్మ వాడి కంచం తన వైపు లాక్కుంది, ముళ్లు తీసి పెట్టడానికి. వాడు మళ్లీ తన ముందుకి లాక్కుని, "నేనే తీసుకుంటాను" అన్నాడు. అమ్మ చెయ్యి కాసేపు కంచం అంచు మీదే ఉంది. ఆ రాత్రి వాడు నా పక్కన కాదు, మావయ్య పక్కన పడుకున్నాడు.

తర్వాతి ఏళ్లలో సముద్రం ఊరి మీదికి వచ్చింది. రేవు ముందు పోయింది. తర్వాత దిబ్బ, తర్వాత ఓ తుఫానుకి గంగమ్మ గుడి, తర్వాత కొబ్బరిచెట్టు. కాకినాడకి హోప్ ఐలాండ్ అడ్డం ఉంది, దానికి ఉత్తరాన ఉన్న మా ఊరికి ఆ అడ్డు లేదు. బండరాళ్లు పోశారు, ఇసుక నింపిన జియోట్యూబులు వేశారు, వాటినీ కెరటాలు చెదరగొట్టాయి. మావయ్య వాళ్లు మగ్గం విప్పుకుని కొత్తపల్లి వైపు వెళ్లిపోయారు. సముద్రం ఇలా ఊరిని తినెయ్యడాన్ని ఊళ్లో వాళ్లు కోత అంటారు, చేను కోతలాగే మామూలుగా.

మీరు ఉప్పాడ వెళ్లాలనుకుంటే తుఫాను హెచ్చరిక ఉన్న రోజున కాకినాడ బీచ్ రోడ్డు పట్టుకోకండి, మూసేస్తారు. పిఠాపురం మీదుగా వెళ్లండి.