తాత కుట్టిన ఒర

బడిల అయిలమ్మ పాఠం చెప్తుంటే ఒక పిల్లగాడు అడిగిండు: "మీ తాత సంఘంల ఉండెనా సార్?" ఈ పాలకుర్తి గడ్డ మీద ఆ ప్రశ్నకు "ఉండె" అనాలని ఎవరికుండదు? నేను మాట మార్చిన.

మా తాత మాదిగ. చెప్పులు, మోటబొక్కెనలు కుట్టేటోడు. మా పల్లె దొర కాడ ఇంగ్లీషు పటాలం రివాల్వర్ ఉండెనట, వెబ్లీది. 1915ల పటాలానికొచ్చిన ఆ రకానికి ఆరంగుళాల గొట్టం, కిలోకు పైన బరువు. అంగీ కింద దాగదు. 1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమరయ్య తూటాలకు ఒరిగినంక ఊర్లన్నీ లేచినయి. అప్పుడు దొర కమ్మరిని పిలిపించి గొట్టం సగానికి కోయించిండు. కొసకున్న గురిముక్క పోతే కొత్తది అతికిచ్చిండు. వెనక సుత్తి కొస బట్టకు తట్టుకోకుండ ఆకురాయితో రాకించిండు. దానికి తోలు ఒర కుట్టింది మా తాత. ఇద్దరికీ కూలి లేదు, వెట్టి.

"జనం గుతుపలు, వడిసెలలు అందరికి కనవడేటట్టు పట్టుకున్నరు బిడ్డా. దొర తుపాకిని దాసుకున్నడు. ఎవలు భయపడ్డట్టు?" అనేటోడు తాత.

1959 ఆయుధాల చట్టంల, లైసెన్సు లేకుండ గొట్టం పొట్టిజేసుడు నేరమని రాసి ఉంది. తాత కూలి బాకీ మాత్రం ఏ కాయితంల లేదు.

తెల్లారి ఆ పిల్లగాన్ని లేపి చెప్పిన: "మా తాత సంఘంల లేడు. దొర తుపాకికి ఒర కుట్టిండు. అదిగూడ రాసుకో, చరిత్రే."